ఫస్టియర్ పిల్లలకి టైపోగ్రఫీ: కంప్యూటర్‌తో మొదలుపెట్టాలా, చేత్తోనా?

కృష్ణలంక టీచర్ | ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో డిజైన్ డిప్లొమా మొదటి సంవత్సరానికి ఈ ఏడాది నుంచి టైపోగ్రఫీ (అచ్చు అక్షరాల్ని చదవడానికి వీలుగా, అందంగా అమర్చే పని) చెబుతున్నాను. మొత్తం 24 మంది. వారానికి రెండు ల్యాబులు, ఒక్కొక్కటి రెండు గంటలు. అందులో పావుగంట సిస్టమ్స్ ఆన్ అవడానికే పోతుంది, అది వేరే సంగతి.

వీళ్ళకి సాఫ్ట్‌వేర్ రాదని కాదు నా బాధ. యూట్యూబ్ పుణ్యమా అని ఏ ప్యానెల్ ఎక్కడుందో నాకంటే వేగంగా చూపిస్తారు. లెడింగ్ (లైన్ల మధ్య దూరం) ఎక్కడ మార్చాలో తెలుసు. ఎందుకు మార్చాలో తెలియదు. మార్చాక బాగుపడిందో పాడైందో కంటికి ఆనదు.

మొన్న ఫ్రెషర్స్ డేకి ఆహ్వానపత్రం చేయమన్నాను. ఒక అబ్బాయి పైన పెద్దగా 'ప్రత్యేక ఆహ్వానం' అని పెట్టి ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) బాగా పెంచాడు. 'త్యే'లో ఉన్న య వత్తు త నుంచి విడిపోయి, అటు 'తే'కీ ఇటు 'క'కీ కాకుండా ఆఖరి బస్సు తప్పిపోయిన మనిషిలా మధ్యలో నిలబడింది. "ఇదేంట్రా?" అంటే, "ట్రాకింగ్ పెంచితే రిచ్ లుక్ వస్తుంది కదా మేడమ్, ఇంగ్లీషు పోస్టర్లలో అలాగే చేస్తారు" అన్నాడు. ఇంగ్లీషు క్యాపిటల్స్ విషయంలో వాడు చెప్పింది నిజమే. వెంటనే ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు.

మా సీనియర్ ఒకావిడ మొదటి నెలంతా మౌస్ ముట్టనివ్వకు, ట్రేసింగ్ పేపరు మీద దిద్దించు అంటారు. కాలేజీ వాళ్ళేమో నెలాఖరుకి తల్లిదండ్రులకి చూపించడానికి నాలుగు పోస్టర్లైనా ఉండాలంటారు. మీరైతే ఏం చేస్తారు?


గవర్నర్‌పేట డీటీపీ | ఆదివారం రాత్రి 10.25

మేడమ్ గారూ, నాది పాఠాలు చెప్పే వృత్తి కాదు. గవర్నర్‌పేటలో 22 ఏళ్ళుగా డీటీపీ (అచ్చుకి వెళ్ళే పేజీల్ని కంప్యూటర్లో అమర్చే) షాపు. మా నాన్నగారు ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటర్, అంటే సీసం అక్షరాలు చేత్తో పేర్చే మనిషి. లైన్ల మధ్య దూరం కోసం సన్నటి సీసం పట్టీలు పెట్టేవారు. ఇంగ్లీషులో సీసాన్ని లెడ్ అంటారు కాబట్టి ఆ పనికి లెడింగ్ అని పేరొచ్చింది. ముందు మీ పిల్లలకి ఈ ముక్క చెప్పండి. ప్యానెల్లో కనిపించే ఆ అంకె ఒకప్పుడు చేత్తో పట్టుకునే వస్తువని తెలిస్తే కొంచెం భయభక్తులు వస్తాయి.

ఇక అసలు సంగతి. అడోబ్ సాఫ్ట్‌వేర్లలో ఆటో లెడింగ్ అంటే మామూలుగా 120 శాతం. 10 పాయింట్ల (పాయింటు అంటే అచ్చులో సైజు కొలత) అక్షరానికి 12 పాయింట్ల లైను. ఇంగ్లీషుకి అది చాలు. మనకి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. పై లైన్లో 'స్త్రీ' పడి, సరిగ్గా దాని కింద 'కీర్తి' వచ్చిందనుకోండి, పైవాళ్ళ కాళ్ళు కిందివాళ్ళ నెత్తిన ఉంటాయి.

మా దగ్గర పనికి చేరే కుర్రాళ్ళకి మొదటి రోజు నేనిచ్చే పని ఇదే. ఒక పేజీ తెలుగు ఆటోలో పెట్టి ప్రింటు తీయమంటా. ఎక్కడెక్కడ గుద్దుకున్నాయో ఎర్ర పెన్నుతో చుట్టమంటా. పది నిమిషాల్లో పేజీ ఎర్రబడుతుంది. తర్వాత లెడింగ్ గురించి నేను ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.


పిక్సెల్ పిల్ల | సోమవారం ఉదయం 8.10

పుట్టింది, పెరిగింది గుంటూరు బ్రాడీపేట. ఇప్పుడు హైదరాబాద్‌లో యాప్ డిజైన్ పని. డీటీపీ గారి ఎర్ర పెన్ను ఐడియా దొంగిలిస్తున్నాను, ముందే చెబుతున్నా.

మేడమ్, కంప్యూటర్ ఆపకండి. దానికి తాళం వేయండి. కొత్తవాళ్ళు చెడిపోయేది చేతిలో మరీ ఎక్కువ ఉండడం వల్ల. వెయ్యి ఫాంట్లు, కోటి రంగులు, షాడో, గ్లో. మొదటి రెండు వారాలు ఒకే ఫాంటు, ఒకే నలుపు. ఒక్కో ల్యాబులో ఒక్క మీట మాత్రమే కదిలించనివ్వండి.

ఫాంటు కావాలంటే హింద్ గుంటూరు ఉంది. ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్ళ హింద్ కుటుంబంలో ఒక్కో లిపికి ఒక్కో ఊరి పేరు పెట్టారు. గుజరాతీకి వడోదర, తమిళానికి మదురై, బెంగాలీకి సిలిగురి, తెలుగుకి మా గుంటూరు. బెజవాడ వాళ్ళు ఏడవకండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, లైట్ నుంచి బోల్డ్ దాకా 5 మందాలు. ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లో అయితే డౌన్‌లోడ్ కూడా అక్కర్లేదు.

ఒక లెక్క ఇస్తాను. నెహ్రూ బస్టాండులో ఒక టైంటేబుల్ బోర్డు ఫోటో తీసుకురమ్మనండి. అదే సమాచారాన్ని మళ్ళీ అమర్చాలి. సైజు మార్చకూడదు, రంగు వాడకూడదు. మందం, ఖాళీ ఈ రెండే ఆయుధాలు. తెనాలి బస్సు ఎన్నింటికో నాలుగడుగుల దూరం నుంచి రెండు సెకన్లలో దొరకాలి. దొరికితే మార్కులు, లేకపోతే లేదు. మీ అభిప్రాయం, నా అభిప్రాయం అన్న గొడవే ఉండదు.

ఇంకోటి. ఒకే వాక్యాన్ని హింద్ గుంటూరు, మండలి, ఎన్టీఆర్ మూడు ఫాంట్లలో 20 సైజులోనే పెట్టి చూపించండి. మూడూ 20 అయినా మూడూ ఒకలా కనబడవు. సైజు అంటే అక్షరం ఎత్తు కాదని ఆ రోజే తెలుస్తుంది.


బోర్డుల బాబాయ్ | సోమవారం మధ్యాహ్నం 2.15

అమ్మా, మా అబ్బాయి ఈ గ్రూపు చూపిస్తే రాస్తున్నా. టైపింగు కూడా వాడే, నేను చెబుతున్నా. గుంటూరు అరండల్‌పేటలో 30 ఏళ్ళు బోర్డులు రాశాను. ఫ్లెక్సులు వచ్చాక కుంచె పక్కన పెట్టాను.

నేను సున్నాతో మొదలుపెట్టమంటా. తెలుగు అంతా సున్నాయే కదమ్మా. ర, ద, ఠ, బ, వ ఏది చూసినా ఎక్కడో అక్కడ సున్నా తిరుగుతుంది. మా గురువుగారు నా చేత నెల రోజులు షట్టరు మీద సున్నాలే పెట్టించారు. షట్టరుకి మడతలుంటాయి కదా, దాని మీద గుండ్రం గుండ్రంగా రావాలంటే చెయ్యి మడతతో పాటు ఊపిరి పీల్చాలి.

అప్పుడొక సంగతి తెలిసింది. ఇంగ్లీషులో హోటల్ అని రాస్తాం. పైనొక గీత, కిందొక గీత చాక్‌పీసుతో కొట్టుకుని హెచ్ అక్షరాన్ని సరిగ్గా గీతల మధ్య రాస్తే బానే ఉంటుంది. పక్కన ఓ కూడా సరిగ్గా గీతల మధ్యే రాస్తే రోడ్డు మీద నుంచి చిన్నగా కనిపిస్తుంది. ఓనరు గొడవ. అందుకని ఓ ని పైనా కిందా ఒక చాక్‌పీసు గీత మందం దాటించి రాసేవాళ్ళం. కొలిస్తే తప్పు, చూస్తే ఒప్పు. ఇది మౌసుతో ఎట్టా నేర్పుతారు?


తలకట్టు | సోమవారం సాయంత్రం 6.30

బాబాయ్ గారూ, మీరు చెప్పింది మంచి ఫాంట్లన్నిట్లో ఉంది. ఇంగ్లీషులో దాన్ని ఓవర్‌షూట్ అంటారు. మౌసుతోనూ నేర్పొచ్చు. హెచ్, ఓ పక్కపక్కన పెట్టి, గైడ్ లైన్ లాగి, 800 శాతం జూమ్ చేస్తే ఓ గీత దాటి ఉండడం కనిపిస్తుంది. పిల్లలు ముందు "ఫాంటు తప్పు సర్" అంటారు. అప్పుడు మీ షట్టరు కథ చెబితే సరిపోతుంది.

టీచర్ గారికి ఒక హెచ్చరిక. పాఠం మొదలుపెట్టే ముందు 24 సిస్టముల్లోనూ సెట్టింగులు చూసుకోండి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. పాత ఫొటోషాప్‌లో అయితే ప్రిఫరెన్సెస్, టైప్, అక్కడ వరల్డ్ రెడీ లేఅవుట్. ఇల్లస్ట్రేటర్‌లో అక్కడే ఇండిక్ ఆప్షన్లు చూపించమని టిక్ పెట్టాలి. లేకపోతే వత్తులు కిందికి దిగకుండా పొల్లుతో పక్కన నిలబడతాయి. 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అవుతుంది. డబ్బు పెట్టలేని పిల్లలు ఇంట్లో స్క్రైబస్ 1.6, ఇంక్‌స్కేప్ వేసుకోవచ్చు. రెండూ ఉచితం, రెండిట్లోనూ తెలుగు సరిగ్గా వస్తుంది.

అను ఫాంట్లు (పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) మాత్రం దయచేసి నేర్పకండి. 2000 నాటి సంగతి అది.


గవర్నర్‌పేట డీటీపీ | సోమవారం రాత్రి 9.05

తలకట్టు గారూ, మీరు ఏ ఊళ్ళో ఉంటారో గానీ, ఒక్కసారి మా వీధిలోకి రండి. శుభలేఖ, కరపత్రం, డెమ్మీ 1/8 పుస్తకం, ఏది వచ్చినా సగం పైన అనులోనే వస్తోంది. కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాడు పాత ఫైలు తెరవలేకపోతే ఓనరు వాడికి టీ ఇచ్చి పంపేస్తాడు.

అయితే ఒకటి ఒప్పుకుంటా. అనులో కొట్టింది వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. లోపల ఉన్నవి వేరే కోడ్లు, పైన తెలుగు బొమ్మ తొడిగారు అంతే. అది పిల్లలకి చెప్పాల్సిన పాఠమే. యూనికోడ్‌లో (అన్ని ఫోన్లకీ, కంప్యూటర్లకీ అర్థమయ్యే కోడ్లు) 'క్ష' అంటే క, పొల్లు, ష మూడూ కలిసి ఒక్కటైనవి. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే క్ష మొత్తం పోదు, ష ఒక్కటే పోయి 'క్' మిగులుతుంది. పిల్లల చేత అలా చెరిపించండి. అక్షరం అంటే ఏమిటి, బొమ్మ అంటే ఏమిటి అన్నది అక్కడ విడిపోతుంది.


నడిచే ఫ్లెక్సు | మంగళవారం ఉదయం 11.50

పెద్దలందరికీ దండం. నేను ఏలూరు రోడ్డులో ఒక ఫ్లెక్సు షాపులో చేస్తా. రోజుకి 30 డిజైన్లు. బర్త్‌డే, పుష్పాంజలి, లీడర్ గారి ఫోటో. కోరల్ సాఫ్ట్‌వేర్లో పాత ఫైలు ఓపెన్, ఫోటో మార్చు, పేరు మార్చు, సేవ్. ఈ ఓవర్‌షూట్లు, సీసం పట్టీలు ఎవడడిగాడు అన్నా? ఖాళీ కనిపిస్తే పేరుని రెండు వైపులా లాగి నింపేస్తాం. కస్టమర్ హ్యాపీ. పిల్లలకి స్పీడ్ నేర్పండి మేడమ్, అన్నం పెడుతుంది.


పిక్సెల్ పిల్ల | మంగళవారం మధ్యాహ్నం 1.20

అన్నా, కోపం తెచ్చుకోకు. లాగి నింపడం గురించే ఒక మాట. పేరుని అడ్డంగా 150 శాతం లాగితే నిలువు గీతలు మందమవుతాయి, అడ్డ గీతలు అలాగే ఉంటాయి. సున్నా గుడ్డవుతుంది. తలకట్టు సన్నగా, ఒళ్ళు లావుగా. అదే అనేక్ తెలుగు లాంటి వేరియబుల్ ఫాంటులో వెడల్పు అనే స్లైడర్ ఉంది. దాన్ని జరిపితే అక్షరం వెడల్పవుతుంది గానీ గీతల మందం పొంతన తప్పదు. ఫాంట్లు చేసే ఎక్ టైప్ వాళ్ళు గీసి పెట్టారు, మనం జరుపుకోవడమే. నీకు పట్టే టైము ఒకటే, ఒక్క సెకను.

మేడమ్, ఈ రెండూ పక్కపక్కన పెట్టి 'ఏది బాగుంది' అని అడగకండి. 'ఎక్కడ నొప్పి పుడుతోంది, వేలు పెట్టి చూపించు' అని అడగండి.


గవర్నర్‌పేట డీటీపీ | మంగళవారం రాత్రి 10.40

ఫ్లెక్సు తమ్ముడూ, కస్టమర్ అడగడన్నావు కదా, విను. ఇది నా తప్పే కాబట్టి చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

కొన్నేళ్ళ క్రితం 600 శుభలేఖలు. చి.ల.సౌ. అని పెళ్ళికూతురి పేరు, కింద చి. అని పెళ్ళికొడుకు పేరు. డిజైన్ బానే వచ్చింది, ప్రూఫు కూడా చూపించాను. ఆఖర్లో వాళ్ళు పేరు పక్కన డిగ్రీ చేర్చమన్నారు. రాత్రి పదకొండు దాటింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. చేర్చాను, లైను పట్టక పేరు సగానికి విరిగి కింది లైన్లోకి పోయింది. చూసుకోలేదు, ప్రెస్సుకి పంపేశాను. పొద్దున కట్ట విప్పగానే పెళ్ళికొడుకు నాయనమ్మ ఒక్క చూపు చూసి "పిల్లాడి పేరు విరిచారేంటయ్యా" అంది. ఆమెకి చదువు రాదు. కార్డు మీద ఎక్కడో ఏదో ముక్కలైందని మాత్రం కంటికి తెలిసింది. మనవడు ఎక్కడ విరిగిందో చదివి చెప్పాడు. 600 మళ్ళీ నా ఖర్చుతో వేయించాను.

విరగకూడని మాటల్ని కట్టి ఉంచే నాన్ బ్రేకింగ్ స్పేస్ అని ఒకటుంటుందనీ, ఇన్‌డిజైన్‌లో అయితే నో బ్రేక్ అని పేరు మొత్తానికీ పెట్టొచ్చనీ ఆ తర్వాతే నేర్చుకున్నాను. మేడమ్, టైపోగ్రఫీ మొదటి పాఠానికి శుభలేఖ పెట్టండి. ఇంట్లో పది రకాలు దొరుకుతాయి, తిట్టడానికి నాయనమ్మలూ దొరుకుతారు.


నడిచే ఫ్లెక్సు | మంగళవారం రాత్రి 11.02

😂 సరే అన్నా, అనేక్ డౌన్‌లోడ్ పెట్టా. కోరల్‌లో వస్తే చెబుతా.


బెంజ్ సర్కిల్ బండి | బుధవారం రాత్రి 7.15

నేను సెకండియర్ స్టూడెంట్‌ని, వేరే కాలేజీ. మాకు పోయినేడు నెల రోజులు ట్రేసింగే. నిజం చెప్పాలంటే చెయ్యి పని చేసింది, బుర్ర పడుకుంది. బోర్ కొట్టి చెవిలో పాటలు పెట్టుకుని దిద్దేవాళ్ళం.

నాకు లైట్ వెలిగింది ప్రింటు చూసినప్పుడు. స్క్రీన్ మీద 200 శాతంలో పని చేస్తాం కదా, అన్నీ అందంగా కనిపిస్తాయి. ఒక కరపత్రంలో కింద షరతులు 6 పాయింట్లలో పెట్టి, జిరాక్స్ సెంటర్‌లో 50 కాపీలు తీయించా. 'ధ' కింద గీత పోయి 'ద' అయింది. 'థ' లోపల చుక్క నిండిపోయింది. 'ధరలు' కాస్తా 'దరలు'. మా సర్ ఆ కాపీని బోర్డుకి అంటించారు, నా పేరుతో సహా. వారం రోజులు నన్ను 'దర' అని పిలిచారు.

మేడమ్, మీ ల్యాబులో ప్రింటర్ ఉంటే ప్రతి క్లాసులో చివరి 20 నిమిషాలు ప్రింటుకి వదలండి. మంచి ప్రింటు వద్దు, చెత్త జిరాక్సే తీయండి. తప్పులన్నీ అందులోనే బయటపడతాయి.


తలకట్టు | బుధవారం రాత్రి 8.00

బండి తమ్ముడి మాటకి నా ఓటు. ఇంకోటి మర్చిపోయాను. పిల్లలు తప్పకుండా 'సాఫ్ట్వేర్' అని కొడతారు. 'సాఫ్ట్‌వేర్' అని రావాలంటే ట్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ కావాలి. కంటికి కనపడని అక్షరం. అది పెట్టడం నేర్పితే సగం ఇంగ్లీషు మాటలకి వత్తుల గోల తప్పుతుంది.

అను గురించి డీటీపీ గారితో ఇంకా ఏకీభవించను. కానీ బ్యాక్‌స్పేస్ పాఠం బాగుంది.


కృష్ణలంక టీచర్ | మూడు వారాల తర్వాత, శనివారం సాయంత్రం 5.30

ఇన్ని రోజులు మాయమైనందుకు క్షమించండి, ఇంటర్నల్స్ వచ్చిపడ్డాయి. ఏం చేశానో చెబుతాను.

మొదటి ల్యాబు ఎర్ర పెన్ను. డీటీపీ గారు చెప్పినట్టే పేజీ ఎర్రబడింది. ఒకమ్మాయి 19 చోట్ల చుట్టింది. వెంటనే అందరూ "ఎంత పెట్టాలి మేడమ్, నంబర్ చెప్పండి" అన్నారు. అక్కడ నాకొక ఆలోచన వచ్చింది. మానిటర్ మీద లెడింగ్ అంకె కనిపించే చోట చిన్న పసుపు కాగితం అంటించేశాను. ఆల్ట్ పట్టుకుని పైకి, కిందికి బాణం కొడితే లెడింగ్ మారుతుంది. అంకె కనపడదు. కళ్ళు చాలు అన్నప్పుడు ఆపాలి. మొదట విసుక్కున్నారు. తర్వాత గది మొత్తం నిశ్శబ్దం, కీబోర్డు టకటకలు తప్ప. అసలు నా ల్యాబేనా అనిపించింది. కాగితాలు తీశాక చూస్తే 10 పాయింట్లకి ఎక్కువమంది 15, 17 మధ్యలో ఆగారు. ఒకడు 23 దగ్గర ఆగాడు. వాడిని ఎందుకని అడిగితే "నాకు కళ్ళజోడు మేడమ్, మా తాతకి కూడా" అన్నాడు. మార్కులు కట్ చేయబుద్ధి కాలేదు.

బస్టాండు టైంటేబుల్ మాత్రం సగం విఫలం. ఫోటో తెమ్మంటే సెల్ఫీలు తెచ్చారు. చేసిన ఐదారుగురు బాగా చేశారు. మందంతో పాటు ఖాళీ వాడడం ఇద్దరికే వచ్చింది. వచ్చే నెల మళ్ళీ పెడతాను.

జిరాక్సు ఇప్పుడు ప్రతి క్లాసులో ఉంది. తీసిందల్లా గోడకి అంటిస్తున్నాం, పేర్లు లేకుండా. (బండి తమ్ముడూ, నీ గతి ఎవరికీ పట్టకూడదని.)

ట్రేసింగ్ నెల రోజులు చేయించలేదు. కానీ బాబాయ్ గారి సున్నా వదల్లేదు. పెన్ టూల్‌తో ఒక సున్నా గీయమన్నాను. గీతని పట్టి ఉంచే చుక్కలు (వాటినీ పాయింట్లనే అంటారు) 15, 17 పెట్టి వంకరటింకరగా గీశారు, బండ రాయిలా వచ్చింది. నాలుగే పాయింట్లతో, పైన, కింద, ఎడమ, కుడి, గీయమన్నాను. గంట పట్టింది. ఆ గంట తర్వాత 'ర' అడిగితే తలకట్టు మాత్రమే కలిపి ఇచ్చారు. దిద్దడంలో రానిది ఇక్కడ వచ్చిందా, లేక ఇద్దరు ముగ్గురికి మాత్రమే వచ్చిందా అనేది ఇంకా తేల్చుకోలేదు.

'ప్రత్యేక ఆహ్వానం' అబ్బాయి మళ్ళీ అదే చేసుకొచ్చాడు. ఈసారి ట్రాకింగ్ సున్నా. రిచ్ లుక్ కోసం చుట్టూ ఖాళీ వదిలాడు, హింద్ గుంటూరు లైట్ వాడాడు. బానే ఉంది. కింద కాలేజీ పేరుని మాత్రం అడ్డంగా లాగాడు. అడిగితే, "అది మేనేజ్‌మెంట్ వాళ్ళు చూస్తారు కదా మేడమ్, పెద్దగా ఉండాలని" అన్నాడు.

బాబాయ్ గారూ, ఒక పూట మా ల్యాబుకి రాగలరా? రానూపోనూ బస్సు చార్జీలు, భోజనం నావి. షట్టరు మా కాలేజీ వెనక ఉంది, పార్కింగ్ షెడ్డుకి. ప్రిన్సిపాల్ గారిని అడిగాను, చాక్‌పీసైతే పర్లేదు, పెయింటు వద్దన్నారు.


బోర్డుల బాబాయ్ | శనివారం రాత్రి 8.20

వస్తానమ్మా. ఆదివారం తప్ప ఏ రోజైనా సరే. చార్జీలు వద్దు, సీనియర్ సిటిజన్ రాయితీ ఉంది. మీ చాక్‌పీసులు వద్దు, ఇప్పటివి గీస్తే పొడి రాలిపోతున్నాయి. నా దగ్గర పాత పెట్టె ఒకటుంది, తెస్తా. పిల్లల్ని మాత్రం తడి గుడ్డలు తెచ్చుకోమను, చెరపడమే ఎక్కువ ఉంటది.